తారుమారు రేసులు – 6: యాస్ దీవిలో గురి తప్పిన చూపులు

గత భాగంలో 1996 నాటి మొనాకో రేసు చూశాం. వానకు తడిసిన వీధుల్లో మైకేల్ షూమాకర్ మొదటి ల్యాప్‌లోనే గోడకు గుద్దుకున్నాడు. అందరికన్నా ముందున్న డేమన్ హిల్ ఇంజన్ చెడిపోయింది. 14వ స్థానం నుంచి బయల్దేరిన ఒలివియే పానీ లిజియే కారుతో గెలిచేశాడు. రేసు సంచలనం అనగానే ఎవరికైనా తట్టేది ఇలాంటిదే. వాతావరణం తిరగబడాలి, పెద్దవాళ్ళు దారిలో ఆగిపోవాలి, లెక్కలో లేనివాడు కప్పు ఎత్తుకోవాలి.

ఈసారి వెళ్తున్న అబుదాబిలో వాన ఊసే లేదు. కారు జారినా గుద్దుకునే గోడ చాలా మలుపుల దగ్గర దూరంగానే ఉంటుంది. లెక్కలో లేనివాడు గెలిచిన దాఖలా కూడా లేదు. 2009 నుంచి 2025 వరకు అక్కడ 17 గ్రాండ్‌ప్రి రేసులు జరిగితే, ఒక్కటి మినహా అన్నీ రెడ్‌బుల్, మెక్‌లారెన్, మెర్సిడెస్ జట్లే పంచుకున్నాయి. విజేతల పట్టిక పైపైన చూస్తే ఇంతకన్నా చప్పటి చరిత్ర మరొకటి ఉండదనిపిస్తుంది. అయినా ప్రపంచ టైటిల్ చేతులు మారిన అతి విచిత్రమైన సాయంత్రాల్లో రెండు ఇక్కడివే. అక్కడి యాస్ మెరీనా సర్క్యూట్‌లో వింత అంతా పాయింట్ల పట్టికలో జరుగుతుంది. దానికి కారణం కూడా చాలాసార్లు స్టీరింగ్ పట్టినవాళ్ళు కాదు. పిట్ గోడ దగ్గర తెరల ముందు కూర్చున్నవాళ్ళో, నిబంధనల పుస్తకం రాసినవాళ్ళో, రేసు నడిపే గదిలో ఉన్నవాళ్ళో.

దాటలేని దారి

యాస్ దీవి సర్క్యూట్‌ను జర్మన్ డిజైనర్ హెర్మన్ టిల్కే గీశాడు. పగటి వెలుగులో మొదలై దీపాల కింద ముగిసే తొలి ఫార్ములావన్ రేసు 2009 నవంబర్ 1న ఇక్కడే జరిగింది. ట్రాక్ మీదుగా కట్టిన హోటల్, పడవలు ఆగే రేవు, ట్రాక్ కింద సొరంగంలోంచి బయటికొచ్చే పిట్ దారి చూసి ప్రపంచం నోరెళ్ళబెట్టింది. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలకు ఈ దీవి మరో రకంగా పరిచయం. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తప్పక చూపించే ఫెరారీ వరల్డ్ వినోద పార్కు ఎర్ర కప్పు సర్క్యూట్ పక్కనే కనిపిస్తుంది.

అందం సంగతి అలా ఉంచితే, డ్రైవర్లకు ఆ ట్రాక్ మీద ఒక ఫిర్యాదు ఉండేది. 5.554 కిలోమీటర్ల దారిలో 21 మలుపులు, రెండు పొడవాటి తిన్నని దారులు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ తిన్నని దారిలోకి వచ్చే ముందు నెమ్మదైన వంకర మలుపులు ఉన్నాయి. ముందున్న కారు చెదరగొట్టిన గాలిలో వెనక కారుకు నేల పట్టు తగ్గుతుంది. మలుపుల్లో దూరం పెరిగిపోతే తిన్నని దారి ఎంత పొడవున్నా దాటడానికి సరిపోదు. అంటే ఇక్కడ ఎవరి వెనకైనా చిక్కుకుంటే అంతే సంగతులు. ఈ మాట అందరికీ తెలుసు. 2010లో ఫెరారీ జట్టుకు అది సమయానికి గుర్తుకు రాలేదు.

వెబర్‌ను కాచి, వెటెల్‌ను వదిలి

2010 నవంబర్ 14, ఆదివారం. సీజన్‌లో ఆఖరి రేసుకు నలుగురు డ్రైవర్లు టైటిల్ ఆశతో వచ్చారు. ఫెరారీ డ్రైవర్ ఫెర్నాండో అలోన్సో 246 పాయింట్లు, రెడ్‌బుల్ జట్టులో మార్క్ వెబర్ 238, సెబాస్టియన్ వెటెల్ 231, మెక్‌లారెన్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్ 222. గెలిస్తే 25 పాయింట్లు. ఆ ఏడాది మొత్తంలో ఏ ఒక్క రేసు తర్వాతా వెటెల్ పట్టికలో అగ్రస్థానంలో లేడు. మూడు వారాల కిందట కొరియాలో ముందు పరుగెత్తుతుండగా అతని ఇంజన్ పోయింది, ఆ రేసు అలోన్సోకు దక్కింది. అప్పుడే వెటెల్ కథ ముగిసిందని చాలామంది తేల్చేశారు.

అలోన్సో లెక్క సులువు. వెటెల్ గెలిచినా సరే, తాను నాలుగో స్థానంలో వస్తే 12 పాయింట్లతో 258 అవుతాయి, వెటెల్ 256 దగ్గర ఆగిపోతాడు. అలోన్సో మూడో స్థానం నుంచి బయల్దేరాడు. మొదటి మలుపుల్లోనే జెన్సన్ బటన్ అతన్ని దాటాడు. నాలుగో స్థానం. సరిగ్గా అతనికి కావలసినంత.

ఆ మొదటి ల్యాప్‌లోనే వెనక ఒక ప్రమాదం జరిగింది. షూమాకర్ మెర్సిడెస్ గిర్రున తిరిగి అడ్డంగా ఆగితే, విటాంటోనియో లియుజ్జీ నడుపుతున్న ఫోర్స్ ఇండియా దాని మీదికెక్కింది. చక్రం షూమాకర్ తలకు కొద్ది దూరంలో ఆగింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. సేఫ్టీ కారు బయటికొచ్చింది.

సేఫ్టీ కారు వెనక అందరూ నెమ్మదిగా వెళ్తుంటారు కాబట్టి, అప్పుడు టైర్లు మార్చుకుంటే పోయే సమయం తక్కువ. నికో రోస్‌బర్గ్, రెనో జట్టు తరఫున ఆడుతున్న తొలి రష్యన్ ఫార్ములావన్ డ్రైవర్ విటాలీ పెట్రోవ్ వెంటనే పిట్‌లోకి వెళ్ళారు. ఆ ఏడాది రేసు మధ్యలో ఇంధనం నింపడం రద్దయింది. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు గట్టివి. రెండు రకాల టైర్లూ ఒక్కసారైనా వాడితే నిబంధన తీరిపోతుంది. అంటే మొదటి ల్యాప్‌లోనే టైర్లు మార్చుకున్న ఆ ఇద్దరికీ చివరిదాకా మళ్ళీ ఆగే పనే లేదు. అప్పటికి వాళ్ళు బారు చివర ఉన్నారు. వాళ్ళను పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

వెబర్ టైర్లు త్వరగా అరిగిపోయి 11వ ల్యాప్‌లో ఆగాడు. పట్టికలో అలోన్సోకు అందరికన్నా దగ్గరగా ఉన్నది అతనే కనుక, ఫెరారీ చూపంతా అతని మీదే ఉంది. వెబర్ కొత్త టైర్లతో పుంజుకుని తమవాడిని దాటిపోతాడేమోనని 15వ ల్యాప్‌లో అలోన్సోను పిట్‌లోకి పిలిచింది. అలోన్సో సొరంగం దాటి ట్రాక్ ఎక్కేసరికి వెబర్ వెనకే ఉన్నాడు. అనుకున్న పని నెరవేరింది. కానీ ముందు పసుపు, నలుపు రంగుల కారు ఒకటి కనిపించింది. అది పెట్రోవ్‌ది.

ఆ తర్వాత 40 ల్యాప్‌లు అలోన్సో సన్నని సందులో ఎడ్లబండి వెనక చిక్కుకున్న జీపులా గడిపాడు. పెట్రోవ్ ఏ తప్పూ చేయలేదు. రెనో కారు తిన్నని దారిలో మంచి వేగం గలది. అలోన్సో బ్రేకులు ఆలస్యంగా నొక్కి ప్రయత్నించాడు, ఒకసారి దారి తప్పి పక్కకు పోయాడు కూడా. ముందు పరిగెడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, టైర్లు మార్చుకుని, అతనికి ముందే తేలుతున్నారు. 55 ల్యాప్‌లు పూర్తయ్యేసరికి వెటెల్ మొదటివాడు, హామిల్టన్ రెండు, బటన్ మూడు. రోస్‌బర్గ్ నాలుగు, పెట్రోవ్ ఆరు, అలోన్సో ఏడు, వెబర్ ఎనిమిది. మొదటి ల్యాప్‌లో బారు చివరికి వెళ్ళిన ఇద్దరూ అలోన్సో ముందు ముగించారు.

గీత దాటిన వెటెల్‌కు తాను ప్రపంచ విజేతనన్న సంగతి తెలియదు. వెనకవాళ్ళు వచ్చేదాకా ఆగమని అతని ఇంజనీర్ రేడియోలో చెప్పాడు. ఒక్కొక్క కారూ గీత దాటుతుంటే స్థానాలు చదివి, చివరికి సంగతి చెప్పేసరికి హెల్మెట్‌లోంచి ఏడుపు వినిపించింది. వెటెల్ 256, అలోన్సో 252. 23 ఏళ్ళ 134 రోజుల వయసులో ఫార్ములావన్ చరిత్రలోనే అతి పిన్న ప్రపంచ విజేత. అలోన్సో తన కారును పెట్రోవ్ పక్కకు తెచ్చి చేయి ఊపుతూ కోపం వెళ్ళగక్కాడు.

ఇటలీలో ఆ కోపం ఇంకా పెద్దదైంది. ఫెరారీ అధ్యక్షుడు లూకా ది మోంటెజెమోలో రాజీనామా చేయాలని ఒక మంత్రే డిమాండ్ చేశాడు. ట్రాక్ ఇంజనీరింగ్ పెద్దగా ఉన్న క్రిస్ డయర్‌ను కొత్త ఏడాదిలో ఆ పదవి నుంచి తప్పించారు. వెనక కారు దాటడానికి వీలుగా రెక్క తెరుచుకునే డీఆర్‌ఎస్ ఏర్పాటు 2010 జూన్‌లోనే ఖరారైంది గానీ, అమల్లోకి వచ్చింది 2011లో. ఒక్క సీజన్ ముందే వచ్చి ఉంటే పెట్రోవ్ అన్నిసార్లు అలోన్సోను ఆపగలిగేవాడా అన్నది అభిమానుల వాదనల్లో ఇప్పటికీ తెగలేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఫెరారీ వరల్డ్ తలుపులు తెరిచింది సరిగ్గా ఆ రేసుకు కొద్దిరోజుల ముందే. తన పేరుతో అంత పెద్ద కట్టడం పక్కనే ఉన్నా, 2025 రేసు దాకా ఫెరారీ యాస్‌లో ఒక్కసారీ గెలవలేదు.

లీటరు ఇంధనం విలువ

పై లెక్కలో ఒక్కటి మినహా అన్నది 2012 నవంబర్ 4 నాటి రేసు. రెండేళ్ళు ర్యాలీ కార్లు తోలి తిరిగొచ్చిన కిమీ రైకోనెన్ లోటస్ కారుతో గెలిచాడు. 2009 బెల్జియం తర్వాత అతనికదే మొదటి గెలుపు. పోల్ నుంచి బయల్దేరి హాయిగా ముందున్న హామిల్టన్ కారు 20వ ల్యాప్‌లో ఆగిపోవడంతో దారి తెరుచుకుంది. వెనక ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో చెబుతున్న ఇంజనీర్‌ను రైకోనెన్ నా పని నాకు తెలుసు, నన్ను వదిలెయ్యమని రేడియోలో కసురుకున్న మాట తర్వాత టీ షర్టుల మీదికి ఎక్కింది. అలోన్సో ఒక్క సెకను లోపే వెనక ఉన్నాడు.

అయితే చరిత్ర దృష్టితో చూస్తే ఆ రోజు మూడో స్థానం ఎక్కువ ముఖ్యం. క్వాలిఫైయింగ్‌లో మూడోవాడైన వెటెల్ ట్రాక్ మీదే కారు ఆపేయాల్సి వచ్చింది. పరీక్షకు ఇవ్వాల్సిన లీటరు ఇంధనం ట్యాంకులో లేదని తేలి, అతని క్వాలిఫైయింగ్ ఫలితాన్ని రద్దు చేశారు. రెడ్‌బుల్ దాన్ని కూడా వాడుకుంది. ఎలాగూ చివరే కాబట్టి కారు అమరికలు మార్చి, పిట్ దారి నుంచి బయల్దేరేలా చేసింది. దాటలేని ట్రాక్ అని పేరుపడ్డ చోట వెటెల్ 24వ స్థానం నుంచి ఎగబాకాడు.

అతనికి కలిసొచ్చిన సేఫ్టీ కార్లలో ఒకదాని వెనక మన దేశపు డ్రైవర్ కారు కూడా ఉంది. హెచ్‌ఆర్‌టీ జట్టు డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ కారులో స్టీరింగ్ హైడ్రాలిక్స్ పోయి ఒక్కసారిగా నెమ్మదించాడు. వెనక నుంచి వస్తున్న రోస్‌బర్గ్ మెర్సిడెస్ దాన్ని గుద్ది గాల్లోకి లేచి, అవతల పడింది. ఇద్దరూ నడిచి బయటికొచ్చారు. వారం కిందటే గ్రేటర్ నోయిడాలో సొంత గడ్డ మీద రేసు ఆడి వచ్చిన కార్తికేయన్‌కు ఫార్ములావన్‌లో అదే ఆఖరి సీజన్. ఆ జట్టు కూడా ఏడాది చివర మూతపడింది.

చివరికి వెటెల్ మూడో స్థానంలో నిలిచి 15 పాయింట్లు తెచ్చుకున్నాడు. ఆ సీజన్ టైటిల్‌ను అలోన్సో మీద అతను నెగ్గిన తేడా 281–278, అంటే మూడే మూడు పాయింట్లు. పిట్ దారి నుంచి వచ్చిన ఆ 15 లేకపోతే టైటిల్ స్పెయిన్‌కు పోయేది. అలోన్సో ఒకే ట్రాక్ మీద, ఒకే మనిషి చేతిలో రెండోసారి దెబ్బతిన్నాడని అప్పుడు ఎవరికీ అనిపించలేదు. మూడు వారాల తర్వాత బ్రెజిల్‌లో లెక్కలు తేలాకే అర్థమైంది.

2014లో వంతు నిబంధనలది. ఆసక్తి చివరిదాకా నిలవాలని ఆఖరి రేసుకు పాయింట్లు రెట్టింపు చేశారు. అప్పటికి మెర్సిడెస్‌కు మారి, అదే జట్టులోని రోస్‌బర్గ్ కన్నా 17 పాయింట్లు ముందున్న హామిల్టన్, మామూలు లెక్కన ఆరో స్థానంతో గట్టెక్కేవాడు. ఇప్పుడు రోస్‌బర్గ్ గెలిస్తే హామిల్టన్ రెండోవాడు కాక తప్పదు. తీరా రోస్‌బర్గ్ కారులో విద్యుత్ వ్యవస్థ చెడిపోయి, ఆగిపొమ్మని జట్టు చెప్పినా వినకుండా చివరిదాకా నడిపి 14వ స్థానంలో ముగించాడు. హామిల్టన్ గెలిచాడు. రెట్టింపు పాయింట్ల ప్రయోగాన్ని ఆ ఒక్క రేసుతోనే ఎత్తేశారు. రెండేళ్ళ తర్వాత అదే ఇద్దరు. ఈసారి రేసులో ముందున్న హామిల్టన్ కావాలనే నెమ్మదిగా నడిపి, వెనక వెటెల్, మ్యాక్స్ వెర్‌స్టాపెన్ వచ్చి రోస్‌బర్గ్‌ను మింగేస్తారని ఆశపడ్డాడు. వేగం పెంచమని జట్టు ఆదేశించినా వినలేదు. నలుగురూ రెండు సెకన్ల లోపే గీత దాటారు. రేసు హామిల్టన్‌ది, టైటిల్ రోస్‌బర్గ్‌ది. ఐదు రోజులకే రోస్‌బర్గ్ రిటైర్మెంట్ ప్రకటించి ఇంకో షాక్ ఇచ్చాడు.

ఐదు కార్లు

2021 నాటికి ట్రాక్ రూపు మార్చారు. వంకర మలుపులు కొన్ని తీసేసి 16కు తగ్గించారు, దారి 5.281 కిలోమీటర్లయింది. మొదటి పొడవాటి తిన్నని దారికి ముందు ఇరుగ్గా ఉన్న మలుపుల్ని కలిపి, వెడల్పైన ఐదో మలుపుగా చేశారు. కార్లు ఒకదాన్నొకటి దాటాలన్నదే ఉద్దేశం. ఆ ఏడాది డిసెంబర్ 12న సీజన్ అంతటికీ తీర్పు చెప్పిన ఓవర్‌టేక్ జరిగింది ఆ ఐదో మలుపులోనే. కానీ దానికి దారి తీసింది కొత్త మలుపు కాదు.

మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్, రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ ఇద్దరూ చెరి 369.5 పాయింట్లతో అబుదాబి వచ్చారు. ఆఖరి రేసు ముందు టైటిల్ పోటీదారులు సమానంగా ఉండడం 1974లో ఫిటిపాల్డీ, రెగజోనీల తర్వాత అదే మొదటిసారి. వెర్‌స్టాపెన్ పోల్ నుంచి బయల్దేరినా, ఆరంభంలోనే హామిల్టన్ ముందుకెళ్ళి దాదాపు చివరిదాకా రేసును చేతిలో పెట్టుకున్నాడు. రెడ్‌బుల్‌లో రెండోవాడు సెర్జియో పెరెజ్ అడ్డుకుని కొన్ని సెకన్లు తినేసినా హామిల్టన్ మళ్ళీ దూరం పెంచాడు. ఎనిమిదో టైటిల్‌కు ఆరు ల్యాప్‌లే మిగిలాయి.

53వ ల్యాప్‌లో నికోలస్ లతీఫీ విలియమ్స్ కారు గోడకు గుద్దుకుంది. సేఫ్టీ కారు వచ్చింది. అప్పుడు రెండు జట్ల ముందూ ఒకే ప్రశ్న, జవాబులు మాత్రం వేరు. హామిల్టన్ ఆగితే వెర్‌స్టాపెన్ ఆగకుండా ముందుకెళ్ళవచ్చు, రేసు సేఫ్టీ కారు వెనకే ముగిసిపోవచ్చు. అందుకని మెర్సిడెస్ అతన్ని 14వ ల్యాప్‌లో వేసిన గట్టి టైర్ల మీదే ఉంచింది. పోగొట్టుకోవడానికేమీ లేని వెర్‌స్టాపెన్ ఆగి మెత్తని కొత్త టైర్లు వేయించుకున్నాడు. ఇద్దరి మధ్య ల్యాప్ వెనకబడ్డ ఐదు కార్లు ఉన్నాయి.

నియమం ప్రకారం వెనకబడ్డ కార్లను ముందుకు పంపితే, ఆ తర్వాతి ల్యాప్ చివర సేఫ్టీ కారు తప్పుకోవాలి. అలా చేస్తే రేసు సేఫ్టీ కారు వెనకే అయిపోతుంది. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ ముందు ఏ కారూ దాటకూడదన్నాడు. తర్వాత మాట మార్చి, ఇద్దరి మధ్య ఉన్న ఐదింటినే పంపించి, మిగతావాటిని అలాగే ఉంచి, అదే ల్యాప్ చివర సేఫ్టీ కారును లోపలికి పిలిచాడు. రెండు జట్ల పెద్దలూ రేడియోలో అతని చెవి కొరుకుతూనే ఉన్నారు. మిగిలింది ఒక్క ల్యాప్. కొత్త మెత్తని టైర్లు ఒకవైపు, 40 ల్యాప్‌లు దాటిన గట్టి టైర్లు మరోవైపు. ఐదో మలుపులో వెర్‌స్టాపెన్ లోపలి వైపు నుంచి దూరాడు. 395.5 – 387.5.

మెర్సిడెస్ పెట్టిన రెండు అభ్యంతరాలనూ ఆ రాత్రే కొట్టేశారు. అప్పీలు ఆలోచనను ఆ జట్టు నాలుగు రోజుల తర్వాత విరమించుకుంది. 2022 ఫిబ్రవరిలో మాసీని పదవి నుంచి తప్పించారు. మార్చిలో ఫార్ములావన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌ఐఏ విడుదల చేసిన నివేదిక, రేస్ డైరెక్టర్ వల్ల మానవ తప్పిదం జరిగిందని ఒప్పుకుంటూనే ఫలితం మారదని చెప్పింది. నిబంధనలో వెనకబడ్డ ‘ఏ’ కార్లయినా అని ఉన్నచోట ‘అన్ని’ కార్లూ అని దిద్దారు. రేసు మధ్యలో జట్ల పెద్దలు రేస్ డైరెక్టర్‌తో మాట్లాడే సంభాషణను టీవీలో వినిపించడం కూడా మానేశారు.

2010లో ఫెరారీ తప్పు మనిషి మీద కన్నేసి ఓడింది. 2021లో మెర్సిడెస్ పిట్ గోడ చేసిన తప్పంటూ వేలెత్తి చూపడం కష్టం. నియమం రాసినట్టు అమలై ఉంటే వాళ్ళ నిర్ణయమే సరైనదయ్యేది. ఈ తేడా వల్లే 2010 ఫలితాన్ని అలోన్సో అభిమానులు బాధతోనైనా ఒప్పుకున్నారు. 2021 ఫలితాన్ని హామిల్టన్ అభిమానులు ఇంకా ఒప్పుకోలేదు.

ఆ తర్వాత కూడా యాస్ ఊరుకోలేదు. 2024లో 19వ స్థానం నుంచి బయల్దేరిన ఫెరారీ డ్రైవర్ షార్ల్ లెక్లెర్క్ మూడోవాడిగా వచ్చినా, రేసు గెలిచిన లాండో నోరిస్ 1998 తర్వాత తొలిసారి మెక్‌లారెన్‌కు జట్ల టైటిల్ తెచ్చిపెట్టాడు. 2025 డిసెంబర్ 7న వెర్‌స్టాపెన్ రేసు గెలిచి టైటిల్ పోగొట్టుకున్నాడు. మూడోవాడిగా వచ్చిన నోరిస్ 423–421 తేడాతో ప్రపంచ విజేత అయ్యాడు.

వచ్చే భాగంలో ఇటలీ వెళ్దాం. 1971 మోంజా రేసులో ఐదు కార్లు 0.61 సెకన్ల లోపల గీత దాటాయి. సెకనులో నూరోవంతు తేడాతో గెలిచిన పీటర్ గెథిన్ అంతకు ముందుగానీ, ఆ తర్వాతగానీ ఒక్క ప్రపంచ చాంపియన్‌షిప్ రేసూ గెలవలేదు.